ఘానా వెళ్ళే ముందు చెప్పిన మాట

నేను ఘానా దేశం చూడలేదు. కానీ ఆ దేశానికి ఉత్తరాన టమాలే అనే ఊళ్ళో జ్వరం వస్తే రక్తపరీక్షకు ఎక్కడికి వెళ్ళాలో, ఊరు దాటాక ఏ రోడ్డు మీద చీకటి పడితే ప్రయాణం పెట్టుకోకూడదో, ఏ నెలల్లో ఎడారి గాలి దుమ్ము మోసుకొచ్చి పెదవులు పగలగొడుతుందో అడిగితే ఇప్పటికీ చెప్పగలను. సికింద్రాబాదులో కూర్చుని మనుషుల్ని పడమటి ఆఫ్రికాకు పంపడం, మళ్ళీ క్షేమంగా రప్పించుకోవడం అప్పట్లో నా ఉద్యోగం.

మొన్న మా చర్చిలో నర్సింగు చదువుతున్న అమ్మాయిలు కొందరు చుట్టూ చేరి, "ఆంటీ, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అన్నారు. ఆసుపత్రి సంగతులు చెబుతానని ఎదురుచూసి ఉంటారు. వార్డుల్లోనూ నేను చాలా ఏళ్ళే చేశాను. అక్కడ జబ్బు మంచం మీద పడుకుని ఉంటుంది. తర్వాత చేరిన కంపెనీలో మాత్రం నవ్వుతూ, పాస్‌పోర్టు చేత్తో పట్టుకుని నడిచొచ్చే ఆరోగ్యవంతులు. వాళ్ళ లోపల ఏముందో వాళ్ళు చెబితేనే తెలుస్తుంది. నాకు గుర్తొచ్చింది ఆ కంపెనీలోని కేసే. వాళ్ళకు చెప్పింది మీకూ చెబుతాను.

మా కంపెనీ సౌరశక్తితో నడిచే నీటి పంపులు తయారుచేసేది. ఏ.ఎస్. రావు నగర్ దాటి కాస్త లోపలికి వెళ్తే మా షెడ్డు. ఘానా, టోగో, బెనిన్ పల్లెల్లో బోర్లకు పంపులు దించి, నీళ్ళు పైకొచ్చాక గాని మావాళ్ళు తిరిగొచ్చేవారు కాదు. వెళ్ళేముందు ప్రతి ఒక్కరూ మా ఆరోగ్య విభాగానికి రావాలి. విభాగమంటే పెద్దగా ఊహించుకోకండి. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఒక డాక్టరుగారు, నేను, ఒక ఫ్రిజ్.

జనం భయపడేది ఒకటి, జరిగేది ఒకటి. "సిస్టర్, పులులుంటాయా?" అని అడిగేవారు. "పులులు మన దగ్గరే ఉన్నాయి నాయనా. అక్కడ దోమని చూసి భయపడు, సీటు బెల్టు లేని టాక్సీని చూసి ఇంకా భయపడు" అనేదాన్ని. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నట్టు పసుపు కార్డు లేకపోతే విమానాశ్రయం దాటనివ్వరని, దోమతెర బరువని వదిలేసి ఆ చోట్లో ఆవకాయ సీసా సర్దుకోవద్దని చెప్పేదాన్ని. తలలూపేవారు. సీసా మాత్రం సర్దుకునేవారు.

ఆ ఏడు ఉత్తర ఘానా పనికి ఒక అమ్మాయిని నాయకురాలిగా వేశారు. ముప్పై లోపే ఉంటుంది. తణుకు వైపు నుంచి వచ్చి ఏ.ఎస్. రావు నగర్‌లో బట్టల షాపు పెట్టుకున్న కుటుంబం. పంపు కంట్రోలరులో ఏ లోపం వచ్చినా గొంతు పెంచకుండా, గబగబా నడవకుండా సరిచేసేది. మా కంపెనీ ఒక ఆడపిల్లని అంత దూరం ఇంజినీరుగా పంపడం అదే మొదలు. ఆమెకు తోడుగా వెళ్ళేది బోయిగూడ నుంచి వచ్చే ఒక పెద్ద ఫిట్టరు. అతను అప్పటికే రెండుసార్లు ఆఫ్రికా వెళ్ళొచ్చాడు.

నా మాటలన్నీ అయ్యాక ఇద్దరికీ మలేరియా రాకుండా వారానికొకసారి వేసుకునే మాత్రలు ఇచ్చాను. అంతకుముందు మామూలు ప్రశ్నలు అడిగాను. బీపీ? షుగరు? ఆస్తమా? ఫిట్స్? రోజూ వాడే మందులు? అన్నిటికీ "లేవు" అంది ఆ అమ్మాయి, పరీక్ష హాల్లో తెలిసిన జవాబు రాసినంత తేలిగ్గా.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ ఆమె మళ్ళీ వచ్చింది. డాక్టరుగారు లేరు.

"సిస్టర్, చిన్న డౌట్. ఈ టాబ్లెట్ వేరే టాబ్లెట్స్‌తో కలిపి వేసుకోవచ్చా?"

"ఏ టాబ్లెట్సు?"

"నాకు కాదు. మా ఫ్రెండ్ ఒకమ్మాయి నైజీరియా వెళ్తోంది. తను అడగమంది."

ఆ స్నేహితురాలు వేసుకునే మాత్ర పేరు చెప్పింది. మూర్ఛకు వాడే మందు అది. పలకడానికి నోరు తిరగని పేరు. మొదటిసారి విన్నవాళ్ళు రెండుసార్లు ఆగుతారు. ఈమె ఇంట్లో మనిషిని పిలిచినట్టు పలికింది.

మూర్ఛ ఉన్నవాళ్ళకు ఆ వారం మాత్ర ఇవ్వకూడదు. అణిగి ఉన్నది మళ్ళీ లేవచ్చు.

"మీ ఫ్రెండు మొదటి మాత్ర వేసుకుందా?" అని అడిగాను.

"ఇంకా లేదు. అడిగాకే వేసుకుంటానంది."

"చాలా మంచి పని చేసింది. ఆ మాత్ర తనకు పనికిరాదు. అయినా కంగారు పడొద్దను. పనికొచ్చే వేరే మాత్ర ఉంది."

ఆమె కదల్లేదు. టిఫిన్ బాక్సు మూత ఊడిపోతుందేమో అన్నట్టు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. కుర్చీ చూపించాను. కూర్చుంది. నేను కూడా నా డబ్బా తెరిచి పెరుగన్నం కలుపుకున్నాను. ఎదుటి మనిషి తింటూ ఉంటే మాట సులువుగా వస్తుందని వార్డుల్లో నేర్చుకున్నాను.

"మీ ఫ్రెండుకి ఎప్పటి నుంచి ఉంది?"

టిఫిన్ బాక్సు బల్ల మీద పెట్టి అంది: "టెన్త్ క్లాస్ నుంచి." ఆ తర్వాత కళ్ళు నిండిపోయాయి. "ఎవ్వరికీ చెప్పొద్దు సిస్టర్. ప్లీజ్. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. చిన్నప్పటి నుంచి మా అమ్మ ఒకటే మాట, ఎవ్వరికీ చెప్పొద్దని. ఆఫీసులో తెలిస్తే నన్ను షెడ్డులో కూడా ఉండనివ్వరు."

ఇంజినీరింగు చివరి ఏడాదిలో పరీక్షల కోసం నిద్ర మానేసినప్పుడు చివరిసారి ఫిట్స్ వచ్చిందట. మళ్ళీ రాలేదు. మందు ఒక్కపూట కూడా తప్పలేదు. హాస్టల్లో మందుల సీసాని విటమిన్ల డబ్బాలో దాచుకుందట. స్నేహితురాళ్ళు అడిగితే జుట్టు ఊడకుండా అని చెప్పేదట. "నా జుట్టు చూసి వాళ్ళు కూడా అడిగేవాళ్ళు, ఏ బ్రాండ్ అని" అని ఏడుస్తూనే నవ్వింది.

"డాక్టరుగారికి చెప్పకుండా నేను మందు మార్చలేనమ్మా. ఆయనకొక్కరికి చెప్పనా? చెప్పొద్దంటే చెప్పను. కానీ ఈ మాత్రలు మాత్రం వెనక్కి తీసుకుంటాను" అన్నాను.

ఆలోచించి, "ఆయనకొక్కరికే" అంది.

డాక్టరుగారు విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అన్‌ఫిట్ అని రాస్తే మనకు హాయి సిస్టర్. ఎవరూ మనల్ని అడగరు."

"రాస్తారా?"

"రాయాలనే ఉంది. అక్కడ ఆసుపత్రి ఎంత దూరం? ఎండ ఎంత? నిద్ర ఎక్కడ? ఆ అమ్మాయికి నా మనవరాలి వయసు." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "కానీ మనం చూడాల్సింది జబ్బు పేరు కాదు. ఆ అమ్మాయి అక్కడ రోజు ఎలా గడుపుతుంది, ఏదైనా అయితే పక్కన ఎవరుంటారు, అది చూడాలి. రండి, చూద్దాం."

చూశాం. ఆమె అనుమతితో ఆమె న్యూరాలజిస్టుతో ఆయన ఫోన్లో మాట్లాడారు. మలేరియాకు రోజూ వేసుకునే వేరే మాత్ర నిర్ణయించారు. మూర్ఛ మందు అక్కడ ఉండే కాలానికి మించి తీసుకెళ్ళాలి, అదీ ఒకే సంచిలో కాదు, రెండు చోట్ల. నిచ్చెన ఎక్కి సౌర పలకలు బిగించే పని ఆమె చేయకూడదు. వాహనం నడపకూడదు. నిద్ర చెడగొట్టుకునే ప్రయాణం పెట్టుకోకూడదు. ఇంకొక షరతు కూడా పెట్టారు. పక్కనుండే మనిషికి సంగతి తెలియాలి.

మొదటివన్నీ ఆమె ఒప్పుకుంది. ఆఖరిదానికి లేచి నిలబడింది. "ఫిట్టర్ అంకుల్‌కా? వద్దు సార్. రేపటికల్లా షెడ్డంతా తెలిసిపోతుంది." తలుపు మెల్లగానే వేసి వెళ్ళిపోయింది. ఆ మెల్లదనమే నాకు బాధనిపించింది.

ఆ ఆదివారం ఆరాధన ముగించుకుని మారేడ్‌పల్లిలో మా ఇంటికి వచ్చేసరికి గేటు దగ్గర ఒకావిడ ఆటో దిగి నిలబడి ఉంది. ఆ అమ్మాయి తల్లి. అడ్రసు ఎలా కనుక్కుందో అడగలేదు. లోపలికి పిలిచి మంచినీళ్ళిచ్చాను. తాగలేదు.

"మీరు ఒక్క ముక్క రాసేయండి సిస్టర్, పంపొద్దని. మా అమ్మాయికి నేను వచ్చినట్టు తెలియనక్కర్లేదు."

"అలా రాయలేనండీ. తను నమ్మి చెప్పింది."

"మీకేం, మీరు రాసే మనుషులు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ దాని గది తలుపు వేయనివ్వలేదు నేను. మంచం కిర్రుమంటే లేచి చూస్తాను. అది స్నానానికెళ్తే బయట నిలబడి ఏదో ఒకటి మాట్లాడుతూ ఉంటాను, జవాబు వస్తోందా లేదా అని. విసుక్కుంటుంది. విసుక్కుంటే నాకు ప్రాణం లేచొస్తుంది. అక్కడ ఎవరు వింటారండీ దాన్ని?"

ఆవిడ చేయి పట్టుకుని కూర్చున్నాను. నాకు తెలిసిన ఓదార్పు మాటలన్నీ జబ్బుపడ్డవాళ్ళ బంధువులకు చెప్పేవి. ఈవిడ కూతురు ఆరోగ్యంగా ఉంది, సంతోషంగా ఎక్కడికో వెళ్దామనుకుంటోంది. దానికి ఓదార్పు ఏముంటుంది?

చివరికి ఆవిడే కొంగుతో ముఖం తుడుచుకుంది. "వద్దంటే ఆగిపోతుంది. నా మాట కాదనదు. అదే నా భయం. జీవితమంతా నా మాట విని ఆగిపోతుందేమోనని." మంచినీళ్ళు తాగింది. "ఇంతకీ మలేరియాకి ఏం మాత్ర ఇస్తున్నారు?"

తల్లీకూతుళ్ళు ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. కొన్నాళ్ళకు ఇద్దరూ కలిసి మా గదికి వచ్చారు. "అంకుల్‌ని పిలవండి సిస్టర్. నేనే చెబుతాను" అంది అమ్మాయి.

ఫిట్టరు చేతులకు గ్రీజు తుడుచుకుంటూ వచ్చాడు. ఆడవాళ్ళు ముగ్గురం, డాక్టరుగారు, అందరం గంభీరంగా ఉండటం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏందీ సార్, నా రిపోర్టు ఏమన్న ఖరాబొచ్చిందా?"

"మీది కాదంకుల్. నాది." అమ్మాయి లేచి నిలబడింది. "నాకు మూర్ఛ ఉంది. ఫిట్స్. చాలా ఏళ్ళుగా రాలేదు. అక్కడ వస్తే మీరే చూసుకోవాలి. మీకు ఇష్టం లేకపోతే చెప్పండి, నేను ఆగిపోతాను."

అతను ఆమె వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. తర్వాత గట్టిగా ఊపిరి వదిలాడు.

"గింతేనా? నువ్వు నౌకరీ ఇడిసిపెడ్తున్నవేమో అనుకున్న. నువ్వు లేకుంటె ఆ కంట్రోలరు డబ్బా నా బాపు సుత తెరవలేడు." అందరం నవ్వాం. అతను మాత్రం నవ్వలేదు. "పరేషాన్ కాకు బిడ్డా. ఏం చెయ్యాల్నో జెర చూపెట్టున్రి సిస్టరమ్మా. చెప్తె నాకు సమజ్ కాదు. చేసి చూపెట్టాలె."

చేసి చూపించాలంటే పడిపోవడానికి ఒక మనిషి కావాలి. అమ్మాయిని పడుకోబెట్టడానికి తల్లికి మనసొప్పలేదు. డాక్టరుగారికి మోకాళ్ళ నొప్పి. ఇక మిగిలింది నేనే. రిటైర్మెంటు దగ్గరపడ్డ వయసులో చీర కుచ్చెళ్ళు సర్దుకుని సిమెంటు గచ్చు మీద వెల్లకిలా పడుకున్నాను.

"చేతుల తాళంచెవులు పెట్టాలె గదా?" అన్నాడు ఫిట్టరు.

"ఏమీ పెట్టొద్దు" అన్నాను కింద నుంచి.

"నోట్లె చెంచా?"

"ఏమీ వద్దు. ఎవరైనా పెట్టబోయినా ఆపాలి. గట్టిగా పట్టుకోకూడదు. చుట్టూ రాళ్ళూ రప్పలూ ఉంటే జరపండి. తల కింద మెత్తగా ఏదైనా పెట్టండి. కదలికలు తగ్గాక పక్కకి తిప్పండి. గడియారం చూడండి."

ఫిట్స్ ఆపడానికి ముక్కులో కొట్టే స్ప్రే మందు ఎంతసేపు దాటితే వాడాలో, ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలో డాక్టరుగారు చెప్పారు. ఫిట్టరు నా భుజం మీద చెయ్యి వేసి, బరువైన మోటారు తిప్పినంత జాగ్రత్తగా నన్ను పక్కకి తిప్పాడు. తల్లి అప్పటిదాకా దూరంగా నిలబడి ఉంది. ఉండలేక వచ్చి నేల మీద కూర్చుంది.

"అలా కాదన్నయ్యగారూ. చెయ్యి మడిచి చెంప కింద పెట్టండి. ఆ, అలాగ. వచ్చేముందు దీనికి మాట తడబడుతుంది. ఎడమ బొటనవేలు లోపలికి ముడుచుకుంటుంది. అది కనిపిస్తే కూర్చోబెట్టేయండి. అయిపోయాక కాసేపు ఎవరినీ గుర్తుపట్టదు. భయపడొద్దు. పేరు పెట్టి పిలుస్తూ ఉండండి. మెల్లగా పిలవాలి. గట్టిగా పిలిస్తే బెదిరిపోతుంది."

"మెల్లగ పిలుస్త చెల్లెమ్మా" అన్నాడతను. "మా ఇంట్ల నా గొంతు పెద్దదని అంటరు గని, మెల్లగనే పిలుస్త."

గచ్చు మీద పడుకునే నేను ఆవిడ ముఖం చూశాను. ఇన్నేళ్ళు ఒంటరిగా చేసిన పనిని ఒక పరాయి మనిషికి అప్పగిస్తున్న ముఖం. డాక్టరుగారు గొంతు సవరించుకుని, వెళ్ళొచ్చు అన్న కాగితం మీద సంతకం చేశారు.

వాళ్ళు వెళ్ళారు. అక్కడి నుంచి ఫొటోలు వచ్చేవి. ఎర్రమట్టి, వేపచెట్లు, పంపు చుట్టూ పిల్లలు. వేపచెట్లు చూసి తల్లి చాలా సంతోషించింది. మన చెట్టే కదా అనేది ఫోన్లో నాతో. ఫిట్టరు అక్కడి తిండి బాగుందని, మక్క సంకటి లెక్కనే ఉందని చెప్పేవాడు.

ఒకరోజు పొద్దున, నేను టీకాల ఫ్రిజ్ తుడుస్తుండగా అతని ఫోను వచ్చింది. గొంతు చాలా మెల్లగా ఉంది. ఆ మెల్లదనానికే నాకు విషయం అర్థమైపోయింది.

"వచ్చింది సిస్టరమ్మా. పోయింది. బిడ్డ మంచిగున్నది. పక్కనే పండుకున్నది."

రెండు రోజులుగా ఆమెకు వాంతులట. వేసుకున్న మందు కడుపులో నిలవలేదు. నిద్రా లేదు. ఒక ఊళ్ళో పంపు దించే చోట మాట తడబడటం అతను గమనించి వేపచెట్టు నీడకు తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. అంతలోనే వచ్చేసింది. ఊరి ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ఒకామె కర్రగరిటె నోట్లో పెట్టబోయింది.

"వాళ్ళ భాష నాకు రాదు, నా భాష వాళ్ళకు రాదు. చెయ్యి అడ్డం పెట్టి, దండం పెట్టిన. వద్దు తల్లీ వద్దు అన్న. ఆమెకు సమజైంది. గరిటె పక్కన పడేసి, తన మీది బట్ట తీసి మడిచి బిడ్డ తల కింద పెట్టింది. తెలివొచ్చేదాంక మెల్లగ పిలుస్తనే ఉన్న సిస్టరమ్మా. వాళ్ళు సుత నాతోటి పిలిచిన్రు. ఆమె పేరు వాళ్ళ నోటికి మంచిగ తిరగదు గని, అందరు మెల్లగనే పిలిచిన్రు."

నేను ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడిపోయాను. డాక్టరుగారు నా చేతిలోంచి ఫోను తీసుకుని వరుసగా అడిగారు. జ్వరం ఉందా? మలేరియా పరీక్ష చేయించారా? నీళ్ళు తాగుతోందా? ఆ సాయంత్రానికి టమాలే ఆసుపత్రిలో చేర్చారు. మలేరియా లేదని తేలింది. సెలైను పెట్టారు, మందు మళ్ళీ మొదలైంది.

తల్లికి ఫోన్ చేసింది నేనే. ఎలా చెప్పాలా అని కూడబలుక్కున్న మాటలేవీ అక్కర్లేకపోయాయి. మొత్తం విని ఆవిడ ఒకటే అడిగింది: "అన్నయ్యగారు భోంచేశారా?"

వెనక్కి రప్పించాలా అన్న ప్రశ్న వచ్చింది. తప్పు సంతకం పెట్టానా అని డాక్టరుగారు, పంపమని ముందుకు తోశానా అని నేను, ఎవరి కుర్చీలో వాళ్ళం కూర్చుని టీ చల్లార్చుకున్నాం. మర్నాడు ఆ అమ్మాయే మా మేనేజరుకు ఫోను చేసి, తన జబ్బు సంగతి తనే చెప్పేసింది. డాక్టరు ఒప్పుకుంటే పని ముగించి వస్తానంది. మేనేజరు మెట్లు దిగి మా గదికి వచ్చాడు. కోప్పడతాడనుకున్నాం. "ఆ అమ్మాయికి వేళకు నిద్ర ఉండేట్టు పని గంటలు మార్చమంటారా?" అని అడిగాడు. అక్కడి డాక్టర్లు, ఆమె న్యూరాలజిస్టు సరేనన్నాక, కొన్నాళ్ళ విశ్రాంతి తీసుకుని ఆమె మళ్ళీ ఆ ఊరే వెళ్ళింది. ఆ పంపులో నీళ్ళొచ్చిన రోజు ఫొటోలో, తల కింద బట్ట పెట్టినామె పక్కన నిలబడి నవ్వుతోంది.

తిరిగొచ్చాక ఆమె పెళ్ళి సంగతి అడుగుతారని నాకు తెలుసు. మా చర్చి పిల్లలూ అడిగారు. ఒక సంబంధం వాళ్ళకు ముందే సంగతి చెబితే వెళ్ళిపోయారు. ఇంకొకరికి చెబితే, ఆ అబ్బాయి మళ్ళీ వచ్చి, ఏం చేయాలో నాకూ నేర్పించండి అన్నాడు. మిగతాది వాళ్ళ కథ, నేను చెప్పకూడదు.

నేను చెప్పాల్సింది ఇంకొకటుంది. తర్వాతి బృందం టోగో వెళ్ళేముందు నేను మామూలుగా దోమ, నీళ్ళు, టాక్సీ గురించి మాట్లాడుతుంటే ఆ అమ్మాయి వెనక వరసలోంచి లేచింది. "సిస్టర్, రెండు నిమిషాలు నేను మాట్లాడొచ్చా?"

ముందుకొచ్చి, చేతులు కట్టుకోకుండా నిలబడి, నాకు మూర్ఛ ఉంది అని మొదలుపెట్టింది. జబ్బు లేదని అబద్ధం చెప్పి, ఆ మాత్ర వేసుకోబోయి ఎలా ఆగిందో చెప్పింది. ఫిట్టరు అంకుల్ ఏం చేశాడో చెప్పింది. "సిస్టర్ అడిగినప్పుడు నిజం చెప్పండి. చెబితే ఆపేస్తారనుకున్నాను. చెప్పాకే పంపారు" అని వెళ్ళి తన చోట్లో కూర్చుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాల్సిన సందర్భమో కాదో ఎవరికీ తెలియలేదు. ఫిట్టరు మాత్రం అందరి వైపూ ఒకసారి చూశాడు, ఎవరైనా ఏమైనా అంటారేమోనని.

అందరూ వెళ్ళిపోయాక నేను మాత్రల పెట్టెలు సర్దుకుంటున్నాను. లారీ మీదికి పలకలు ఒక్కచేత్తో ఎత్తే ఒక మీసాల మనిషి లోపలికి వచ్చాడు. అంతకుముందే నా ప్రశ్నలన్నిటికీ లేవు లేవు అని వెళ్ళినవాడు.

"సిస్టర్, నాకు షుగరున్నది. సూది ఏస్కుంట. ఇంట్ల సుత తెల్వదు" అన్నాడు నేల చూపులు చూస్తూ.

"కూర్చోండి" అన్నాను.

అతను కూర్చున్నాక చూస్తే వరండాలో ఇంకో ఇద్దరున్నారు. ఒకరికొకరు సంబంధం లేనట్టు, దూరం దూరంగా, గోడ మీది నోటీసులు చదువుతూ నిలబడ్డారు. ఆ గోడ మీద ఉన్నది కిందటేడు క్యాలెండరు ఒక్కటే. నేను డాక్టరుగారికి టీ ఇంకాస్త ఆగాక తాగుదామని చెప్పి, ఇంకో రెండు కుర్చీలు తెచ్చి వేశాను.